తీగ వచ్చినది, ఆలనపాలన లెవరివి?

2020 ఆగస్టు 15వ తేదీన ఎఱ్ఱకోటపై నుండి ప్రధానమంత్రి, రానున్న వేయి దినములలో దేశమందలి ఆఱు లక్షలకు పైబడిన గ్రామములకెల్ల ఆప్టికల్ ఫైబరు తీగను చేర్చెదమని ప్రకటించినప్పుడు, బడులు మూతపడి, పాఠములన్నియు సెల్ఫోనులోనికి ఎక్కి, ఆ ఫోనుకు సిగ్నలు దొరకక మిద్దెలును చింతచెట్లును ఎక్కుచుండిన ఆ కరోనా సంవత్సరపు పల్లె పిల్లలకును వారి తలిదండ్రులకును అది చెవిలో అమృతము పోసినట్లుండెను. ఆ వేయి దినములు 2023 మే మాసముతో నిండినవి. నిండిన మూడు మాసములకు, ఆగస్టు 4వ తేదీన, అదే పనిని పూర్తి చేయుటకై కేంద్ర మంత్రివర్గము 1,39,579 కోట్ల రూపాయల వ్యయముతో సవరించిన భారత్‌నెట్ పథకమును ఆమోదించినది. గడువు తప్పినదని దెప్పిపొడుచుట నా యుద్దేశము కాదు. మన దేశమున గడువునకు ముగిసిన పనులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నేనడుగదలచినది వేఱొకటి కలదు. తీగ చేరిన ఊళ్లలో ఆ తీగ గతి యేమైనది?

ఈ పథకమునకు మూలము 2011 అక్టోబరులో నున్నది. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అను పేర రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు తీగ చేర్చుటకు నాటి ప్రభుత్వము నిశ్చయించి, మఱుసటి సంవత్సరము ఆ పనికొఱకే ప్రత్యేకముగ నొక సంస్థను స్థాపించినది. ప్రభుత్వము మాఱినది; 2015లో పథకము పేరును భారత్‌నెట్‌గా మాఱినది; 2017 డిసెంబరు నాటికి మొదటి లక్ష పంచాయతీలు పూర్తియైనట్లు లెక్క తేలినది. ఇందులకు ధనమెక్కడిదన్నచో, టెలిఫోను కంపెనీలు తమ సవరించిన స్థూలాదాయమున నూటికైదు రూపాయల చొప్పున చెల్లించు సార్వత్రిక సేవా నిధి నుండి వచ్చినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి యని క్రొత్త పేరు పెట్టినది. కంపెనీలు చెల్లించుననుట పైపై మాట. రీచార్జి చేయించుకొనిన ప్రతివాడును, కూలికి పోవు తల్లియు కౌలుకు చేయు తండ్రియు సహితము, ఆ నిధిలో తమ వంతు పోసినవారే. కావున ఈ విషయమున పల్లెవాడు చేయి చాచి యాచించువాడు కాడు. తాను చెల్లించిన దానికి లెక్క అడుగువాడు.

తీగ ప్రయాణమును కొంచెము వివరింపవలసియున్నది. వెండ్రుకంత సన్నని గాజుపోగులో వెలుగు రూపమున సమాచారము పరుగిడును. మండల కేంద్రమునందలి ఎక్స్చేంజిలోని యంత్రము నుండి బయలుదేఱిన పోగు దారిలో శాఖలుగా చీలి, ఒక్కొక్క పంచాయతీ కార్యాలయమున గోడకు తగిలించిన చిన్న పెట్టెలో ముగియును. ఆ పెట్టెకు సెకనుకు నూఱు మెగాబిట్ల వేగమును చేర్చుట పథకపు మొదటి సంకల్పము. అక్కడి నుండి ఇండ్లకును, బడికిని, ఆసుపత్రికిని తీగ లాగుట ఎవరి పనియో మొదటి పథకకర్తలు గట్టిగా చెప్పలేదు. ప్రైవేటు వ్యాపారులు తామే ముందుకు వచ్చెదరని తలంచిరి. వారు రాలేదు. ఇన్నూఱు గడపల ఊరిలో తీగ లాగి, నెలనెల బిల్లు వసూలు చేసికొని, తెగినప్పుడెల్ల అతుకు వేసి లాభము తీయగల వ్యాపారి యెవడు?

గోదావరికి ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట ముగిసిన పిమ్మట డెల్టా పచ్చనైనది పెద్దకాలువల వలననే కాదు, వాని నుండి చీలి పొలముగట్టు దాక వచ్చిన పంటబోదెల వలనను, ఆ బోదెలలో పూడిక తీసి నీరు వంతులవారీగా వదలిన మనుష్యుల వలనను. తెలంగాణపు చెఱువుల క్రింద ఈ పని చేయు నీరటికాడికి పంటలో వంతు కొలిచి యిచ్చెడివారు. అతనికి జీతము చెల్లనిచో చెఱువు నిండియుండియు మడి ఎండునని ఊరివారికి తెలియును. భారత్‌నెట్ పెద్దకాలువ త్రవ్వినది కాని, నీరటికాడిని నియమింపలేదు.

పర్యవసానము ఊహింపదగినదే. పంచాయతీ కార్యదర్శి తాళము వేసికొని పోయిన పిమ్మట పెట్టెయు లోపలనే యుండును. కరెంటు పోయినచో కొంతసేపు బ్యాటరీ ఆదుకొనవలెను; ఆ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయి యుండును, మార్పించుటకు పద్దు లేదు. రోడ్డు వెడల్పు చేయువారి జేసీబీ ఒకనాడు, మురుగుకాలువ త్రవ్వువారి పలుగు మఱియొకనాడు, మంచినీటి గొట్టమువారి పాఱ వేఱొకనాడు తీగను తెంపును. పైన వ్రేలాడదీసిన చోట్ల కోతుల పని యుండనే యున్నది. రాగితీగ తెగినచో చాకుతో గీకి మెలిపెట్టి కట్టవచ్చును. గాజుపోగు అట్లు అతుకదు. రెండు కొసలను సూక్ష్మముగా ఎదురెదురు నిలిపి విద్యుత్తుతో కరగించి కలుపు యంత్రము కావలెను, ఆ యంత్రమును త్రిప్ప నేర్చినవాడు కావలెను. ఆ రెండును పట్టణమున నుండును. వారు వచ్చుదాక తెగిన తీగ తెగినట్లే యుండును. లెక్కలలో మాత్రము ఆ పంచాయతీ సేవకు సిద్ధముగా నున్నట్లే నమోదై యుండును.

మన రెండు రాష్ట్రములు ఈ పనికి రెండు వేఱువేఱు దారులు పట్టినవి, రెండును గమనింపదగినవి. ఆంధ్రప్రదేశము తీగను భూమిలో పాతక, ఉన్న కరెంటు స్తంభములపై లాగినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు అమరావతిలో ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టును టీవీని టెలిఫోనును మూటగట్టి యిత్తుమని చెప్పి దేశమును ఆశ్చర్యపఱచినది. స్తంభముపై తీగ లాగుట త్రవ్వి పాతుటకంటె ఎన్నోరెట్లు చవుక, అనేకరెట్లు త్వరితము. కాని మనది తుపానుల తీరము. 2014లో హుద్‌హుద్ విశాఖను, 2018లో తిత్లీ శ్రీకాకుళపు ఉద్దానమును ఊపివేసినప్పుడు వేలాదిగా నేలవ్రాలిన స్తంభములను చూచినవారికి, ఆ స్తంభములనే నమ్ముకొనిన తీగ భవితవ్యమును గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు. తెలంగాణము మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే తీగ దూర్చుటకు నాళములను కూడ పఱచినది. ఒక త్రవ్వకముతో రెండు పనులు చేయుట మెచ్చదగిన ఆలోచన. తీగ నేలలో భద్రముగా నుండును, కాని నాళము పఱచిన నాటికిని ఇంటిలో దీపము వెలిగిన నాటికిని నడుమ సంవత్సరములు దొర్లినవి. ఎవరి దారి మేలైనదని తీర్పు చెప్పుటకంటె, తీరమున నేలలోను మెట్టన స్తంభముపైనను అని నేల తీరును బట్టి నడచుకొనుట యుక్తమని నాకు తోచుచున్నది.

ఆంధ్రప్రదేశపు ప్రయోగమున అందఱును ధరను గూర్చియే మాటలాడిరి. నాకు ముఖ్యముగా కనబడినది ధర కాదు, చివరి మజిలీకి ఆ ప్రభుత్వము ఎన్నుకొనిన మనిషి. తొంబదుల దశాబ్దము నుండి ఊరూరను డిష్ పెట్టి, వేపచెట్టు కొమ్మల నడుమగా మిద్దెపై నుండి మిద్దెకు కేబులు లాగి, నెలకు ఇంతయని గడపగడపను వసూలు చేయుచు బ్రదుకుచున్న కేబులువాని చేతిలోనే ఇంటింటి తీగను పెట్టిరి. ఇతడు ఏ ఇంజనీరింగు కళాశాలలోను చదివినవాడు కాడు. అయినను, సీరియలు వచ్చువేళకు బొమ్మ పోయినచో అతని యింటి ముందర పదిమంది నిలుచుందురు, అతడు నిచ్చెన భుజమున వేసికొని బండిపై బయలుదేఱక తప్పదు. ఊరు అతనిని పేరుపెట్టి పిలువగలదు, అవసరమైనచో పేరుపెట్టి తిట్టగలదు. హైదరాబాదులోనో చెన్నపట్టణములోనో నున్న ఫిర్యాదుల కేంద్రమునకు ఈ గుణము లేదు. తరువాత ఏపీ ఫైబర్‌నెట్ ఆర్థికపు చిక్కులలో పడిన మాట పాఠకులకు తెలిసినదే, దానికి కారణములు వేఱు. ఆ మనిషిని ఎన్నుకొనుట మాత్రము తప్పు కాదు.

సవరించిన పథకము ఈ సత్యమును కొంత గ్రహించినది. గ్రామీణ ఉద్యమి యను పేర స్థానికుని ఒకనిని ఎన్నుకొని, ఇంటింటి కనెక్షనులపై వచ్చు రాబడిలో సగము వానికి విడిచెదమని చెప్పుచున్నది. ప్రయోగదశలో నెలకు 399 రూపాయలకు ముప్పది మెగాబిట్ల వేగమును చూపినది. దీనిని నేను స్వాగతించుచున్నాను. కాని ఒంటరి వ్యాపారి ఒంటరి వ్యాపారియే. లాభము రాని వీధికి అతడు పోడు. ఊరి చివరి కాలనీ, ఏటి ఆవలి పాలెము, ఎస్సీ వాడ ఎప్పటివలెనే చిట్టచివరికి మిగులును. పట్టణమున మంచి యుద్యోగము దొరికిననాడు అతడు నిచ్చెన గోడకు ఆనించి వెడలిపోవును. పిమ్మట తీగకు దిక్కెవరు?

ఇచట నాకు సిరిసిల్ల జ్ఞప్తికి వచ్చుచున్నది. పల్లెలకు కరెంటు చేర్చుట కష్టమును నష్టమునైన పనియని విద్యుద్బోర్డులు వెనుకాడుచుండిన కాలమున, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. దాని ప్రోత్సాహముతో దేశమున ఐదుచోట్ల ప్రయోగాత్మకముగ విద్యుత్ సహకార సంఘములు పుట్టినవి. అందులో నొకటి నాటి కరీంనగరు జిల్లా సిరిసిల్లలోనిది. సంఘము విద్యుద్బోర్డు వద్ద కరెంటును టోకుగా కొనినది, తన సభ్యులకు చిల్లరగా పంచినది. కరెంటు వాడుకొనువాడే సంఘమున సభ్యుడు. పాలకవర్గమును వాడుకొనువారే ఎన్నుకొందురు. లైనుమాను సమీప గ్రామమువాడే. మఱమగ్గములకు పేరుపొందిన ఆ పట్టణపు మగ్గముల మ్రోతకును, చుట్టుపట్టుల బావుల మోటార్లకును ఆ సంఘపు తీగయే ఆధారమైనది. అర్ధశతాబ్దము గడచినను సెస్ అను పొట్టిపేరుతో అది నేటికిని నిలిచియున్నది. తరువాత ఆంధ్ర ప్రాంతమున కుప్పము, అనకాపల్లి, చీపురుపల్లిలలో ఇట్టి సంఘములే వచ్చినవి.

సహకార సంఘములనగానే పెదవి విఱుచువారి కారణములు నాకు తెలియనివి కావు. మన ప్రాథమిక పరపతి సంఘములలో అప్పులు ఎవరు తీసికొనిరో, ఎవరు మాఫీ చేయించుకొనిరో గ్రామములలో చిన్నపిల్లలకును తెలియును. విద్యుత్ సంఘముల చరిత్రయు బకాయిల బెడద లేనిది కాదు. ఎన్నికలు పార్టీల రంగస్థలముగా మాఱిన సందర్భములును కలవు. అయినను వానియం దొక గుణము దృఢముగా నిలిచినది: తీగ ఎవరిదన్న ప్రశ్నకు ఊరివారు 'మాది' అని బదులు చెప్పగలరు. టోకుగా కరెంటు కొని చిల్లరగా పంచిన సంఘమునకు, టోకుగా ఇంటర్నెట్టు కొని చిల్లరగా పంచుట అసాధ్యమేమియు కాదు. మండలమునకొక సహకార సంఘము. దాని క్రింద ప్రతి పది పదునైదు ఊళ్లకు ఒక అతుకుయంత్రము, దానిని త్రిప్ప నేర్చిన ఇద్దఱు యువకులో యువతులో. వారికి కనెక్షనుల రాబడితో సంబంధము లేకుండ నెలజీతము. నా ప్రతిపాదన యింతమాత్రమే. ఇందు నూతనత్వమేమియు లేదు, జీతమను మాట తప్ప.

ఈ సంఘములను ఎవరు నడపవలెననిన, నేను మొదట గ్రామ సమాఖ్యల వైపు చూచెదను. పొదుపు సంఘముల స్త్రీలు బ్యాంకులకు బాకీలు తీర్చుటలో గడించిన పేరు మన సహకార చరిత్రలో మఱెవ్వరికిని లేదు. దీనికి వేఱొక కారణమును కలదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున ఏనాడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 21 మందియే, తెలంగాణమున 26.5. పురుషులలో ఆ సంఖ్య ఇంతకు రెట్టింపునకు పైబడియున్నది. ఇంట ఒకే ఫోనున్నచో అది మగవాని జేబులో బయటికి పోవును. ఇంటికి తీగ వచ్చినచో అది ఇంటిలోనే యుండును. సమాఖ్య కార్యాలయమున కంప్యూటరున్నచో దాని తాళపుచెవి వారి కొంగుముడిలోనే యుండును.

'సెల్ఫోను టవరు లున్నవి కదా, మఱి యీ తీగల గొడవ ఎందులకు?' అని అడుగు పట్టణవాసులు పెక్కుమంది కలరు. ప్రభుత్వపు లెక్కయే చెప్పుచున్నది: 2024 ఏప్రిల్ నాటికి దేశమందలి 6,44,131 గ్రామములలో 6,12,952 గ్రామములకు త్రీజీయో ఫోర్‌జీయో అందినది. అంకె ఘనమైనదే. కాని అదే సంవత్సరము మార్చి నాటికి దేశమందలి 95.44 కోట్ల ఇంటర్నెట్టు చందాదారులలో పల్లెలవారు 39.83 కోట్లు మాత్రమే; జనాభాలో మూడింట రెండు వంతులు పల్లెలలో నున్నారని మఱువరాదు. ఊరికి సిగ్నలు అందుట వేఱు, సాయంకాలము ఊరంతయు ఒకే టవరుపై పడినవేళ పిల్లవాని పాఠము తెగక సాగుట వేఱు. పైగా టవరు మాత్రము ఆకాశము నుండి ఊడిపడినదా? దాని పాదమునకును తీగయే రావలెను. రానిచోట గాలిలో తరంగముల వంతెనతో సరిపెట్టుకొనుచు అది కూడ కుంటుచుండును. ఫైవ్‌జీ యనినను అంతియే. రెండు మెగాబిట్ల వేగముంటే చాలు, దానిని బ్రాడ్‌బ్యాండుగా పరిగణింపవచ్చునని 2023లో ప్రభుత్వమే నిర్ణయించినది; మండల వైద్యుడు పట్టణపు నిపుణునకు రోగిని తెఱమీద చూపుటకును, చేనేతవాడు చీర అంచును దూరపు వర్తకునకు రంగు చెడకుండ చూపుటకును ఆ రెండు ఏ మూలకు వచ్చును?

అసలు మాట యొకటి కలదు. ఇంటర్నెట్టు పల్లెవానికి ఐచ్ఛికమైన విలాసముగా నున్నంతకాలము ఆలస్యమును సహింపవచ్చును. ప్రభుత్వమే దానిని నిర్బంధము చేసినపిమ్మట సహింపరాదు. 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ పనిచోట రోజునకు రెండుమార్లు కూలీల ఛాయాచిత్రము తీసి ఫోనులోని యాప్ ద్వారమున ఎక్కించిననే హాజరు. రేషను బియ్యమునకు వ్రేలిముద్ర యంత్రము. ఆ యంత్రమునకు సిగ్నలు. పింఛనుకు ముఖము చూపవలెను, పాసుపుస్తకమునకు పోర్టలు తెఱువవలెను, పంట నమోదునకు మఱియొక యాప్. మన్యపు గూడెములలో సిగ్నలు తగులు మిట్టకు డీలరు యంత్రమును మోసికొనిపోవుటయు, కార్డుదారులైన ముసలివారు అతని వెంట కొండ యెక్కుటయు పత్రికలలో బొమ్మలతో సహా వచ్చినవే. పనిచేసిన కూలికి, సిగ్నలు లేదన్న కారణమున కూలి రాకపోవుటకంటె విడ్డూరమైన అన్యాయము నా యూహకు అందదు. 2025 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమున చెప్పిన జీవనహక్కులో భాగమేనని తీర్పు చెప్పినది. తీర్పు బాగున్నది. దాని అమలునకు అతుకుయంత్రము కావలెను.

మన్యమును గూర్చి వేఱుగ చెప్పవలెను. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండకొమ్ములపై ఇరువది గడపల గూడెమునకు తీగ లాగుట ఏ లెక్కకును ఆగదు. అటవీ అనుమతులు, కొండచరియలు, దూరము, మూడును అడ్డుపడును. అచ్చట ఉపగ్రహ ఇంటర్నెట్టు సరియైన ఉపాయము. స్టార్‌లింక్ సంస్థకు 2025 జూన్‌లో అనుమతి దొరకినది. ఇతర సంస్థలును సిద్ధముగా నున్నవి. గిరిజనుడు ఇంటింటికి దానికి కావలసిన పళ్లెము కొనగలడా యన్నచో కొనలేడు. 1956 నుండి మన్యపు సంతలలో చింతపండును కరక్కాయను కొనుచు, బియ్యము మున్నగునవి అమ్ముచున్న గిరిజన సహకార సంస్థకు డిపోలు కొండకొండను కలవు. డిపోకొక ఉపగ్రహ పళ్లెము, సూర్యరశ్మితో నడచు బ్యాటరీ, సంతరోజున అందఱును వచ్చి పని చూచుకొనుటకు ఒక గది: ఇంతవఱకు వెంటనే చేయవచ్చును. డిజిటల్ భారత్ నిధి ఇందులకే పుట్టినది. లాభము రానిచోట లాభమడుగక వెచ్చించుట దాని ధర్మము.

మైదానపు ఊళ్లలో ఈ గది గ్రంథాలయమైన నాకు మఱింత ముచ్చట. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారును, తరువాత కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను ఊరూర త్రిప్పిన పాతూరి నాగభూషణంగారును, చదువు ఒకరి యింట బీరువాలో నుండుటకంటె నలుగురు కూర్చుండు చావడిలో నుండుట మేలని నమ్మినవారు. నేటి పంచాయతీ కార్యాలయపు తాళములోపలి పెట్టెను చూచిన వారేమనియుందురో! సాయంకాలము ఆఱు గంటలకు మూయు కార్యాలయమున కాక, ఆఱు గంటలకు తెఱచు చోట పెట్టెను ఉంచుటకు నిధులు అక్కఱలేదు. ఒక తీర్మానము చాలును.

సవరించిన పథకము క్రింద బీఎస్ఎన్ఎల్ రాష్ట్రములవారీగా టెండర్లు పిలిచి, మూడు సంవత్సరములు నిర్మాణమునకును, తరువాతి పది సంవత్సరములు నిర్వహణకును కలిపి పెద్ద కంపెనీలకు ఒప్పందములు ఇచ్చుచున్నది. నిర్వహణకు ప్రత్యేకముగ పదేండ్ల పద్దు పెట్టుట ఈ పథకమున నాకు కనబడిన మేలిగుణము. చీలిన శాఖలుగా గాక వలయముగా తీగ నడపి, ఒకచోట తెగినను రెండవవైపు నుండి సేవ సాగునట్లు చేయుట మఱియొకటి. కాని పెద్ద గుత్తేదారు చిన్న గుత్తేదారునకు, అతడు మఱింత చిన్నవానికి అప్పగించుచు పోగా, చివరకు తీగ వద్దకు వచ్చువానికి నెలకెంత ముట్టునో రోడ్లపనులు చూచిన మనకు తెలియును. కావున మన రెండు రాష్ట్రప్రభుత్వములు ఈ ఒప్పందములు నడచుచున్న కాలముననే కేంద్రముతో మాటలాడి, నిర్వహణ సొమ్ములో నిర్ణీతమైన భాగమును మండల సహకార సంఘములకు నేరుగా చెల్లింపజేయవలెను. తెగిన తీగను ఎన్ని గంటలలో అతుకవలెనో, అతుకనిచో గుత్తేదారు బిల్లులో ఎంత కోయవలెనో ఒప్పందమున వ్రాయింపవలెను. ఆ కోత పడినదో లేదో ప్రతి గ్రామసభలో చదివి వినిపింపవలెను. తీగ తెగిన దినములను వ్రాసి పెట్టుకొనుటకు సమాఖ్య పద్దుపుస్తకమున ఒక పుట చాలును, అది నేటి నుండియే మొదలిడవచ్చును.